మూత్రశుద్ధి యంత్రంలో జిప్సం: అంతరిక్షంలో దీర్ఘకాల మనుగడపై ఒక కేస్ స్టడీ

2024 మే నెలాఖరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్ని నీటిగా మార్చే యంత్రపు పంపు ఒకటి మొరాయించింది. ఆ ఏడాది చివరి నెలల దాకా ఢోకా లేదనుకున్న పంపు అది. బదులు పంపును తర్వాత వెళ్లే సరుకు నౌకలో పంపాలన్నది అప్పటి ఆలోచన. యంత్రం ఆగితే మూత్రాన్ని ట్యాంకుల్లో, సంచుల్లో పట్టి దాచాలి, ఆ నిల్వకేమో హద్దుంది. చివరికి జూన్ 5న బయల్దేరిన బోయింగ్ వ్యోమనౌక స్టార్‌లైనర్ నుంచి ఇద్దరు వ్యోమగాముల సూట్‌కేసులు దించేసి, ఆ చోటులో దాదాపు 70 కిలోల పంపును ఎక్కించారు. మర్నాటికి అది కేంద్రానికి చేరింది.

అంగారకుడి దారిలో ఇదే పంపు ఆగితే సూట్‌కేసులు దించే నౌకే ఉండదు. భూమి నుంచి సరుకు పంపడానికి అనువైన సమయం సుమారు 26 నెలలకోసారి వస్తుంది. రేడియో మాట ఒకవైపు చేరడానికే గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. మనిషి అంతరిక్షంలో ఏళ్ల తరబడి బతకగలడా అని అడిగితే సాధారణంగా రేడియేషన్ గురించో, ఎముకల గురించో జవాబు వస్తుంది. అవి నిజమైన సమస్యలే. అయితే పదిహేనేళ్లకు పైగా రికార్డు ఉన్న ఒకే ఒక్క పూర్తిస్థాయి ఉదాహరణ, అంటే అంతరిక్ష కేంద్రపు నీటి వ్యవస్థ, మరో జవాబు చెబుతోంది. ఎంత శాతం నీరు తిరిగొస్తోంది అన్నదానికంటే, చెడిపోయిన భాగాన్ని ఎంత చిన్న ముక్కగా విప్పి బాగుచేయగలం అన్నదే మనుగడను తేలుస్తుంది. ఈ కేసులో ఆ మాటను లెక్కతో సహా చూపిస్తాం.

యంత్రం, దాని పని

అమెరికన్ నీటి పునరుద్ధరణ వ్యవస్థ 2008 నవంబరులో ఎస్‌టీఎస్-126 షటిల్‌లో పైకి వెళ్లింది. ఇప్పుడది ట్రాంక్విలిటీ మాడ్యూల్‌లో ఉంది. ఇందులో రెండు ప్రధాన భాగాలు. ఒకటి మూత్రాన్ని స్వేదనం చేస్తుంది. రెండోది ఆ స్వేదజలాన్ని, గాలిలోంచి పట్టిన తేమను కలిపి తాగునీటి స్థాయికి శుద్ధి చేస్తుంది.

స్వేదనం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. భారరహిత స్థితిలో ద్రవం అడుగుకు చేరదు, ఆవిరి పైకి లేవదు. మామూలు బాయిలర్‌లో రెండూ కలిసి నురగ ముద్దగా తేలుతాయి. అందుకని ఒక డ్రమ్మును గిరగిరా తిప్పుతారు. అపకేంద్ర బలానికి మూత్రం డ్రమ్ము లోపలి గోడకు పలచని పొరలా అతుక్కుంటుంది. లోపలి పీడనాన్ని కేబిన్ పీడనంలో ఇరవయ్యో వంతుకు తగ్గిస్తారు కాబట్టి 35-40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కి డ్రమ్ము బయటి గోడ మీదికి పంపితే అక్కడ చల్లబడి నీరవుతుంది. చల్లబడేటప్పుడు వదిలిన వేడి గోడ గుండా లోపలికి వెళ్లి మిగతా మూత్రాన్ని ఆవిరి చేస్తుంది. విద్యుత్తు తక్కువ ఖర్చయ్యే తెలివైన అమరిక. ద్రవాలను నడిపేవి పెరిస్టాల్టిక్ పంపులు: రోలర్లు మెత్తటి ట్యూబును వరసగా నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోస్తాయి. ద్రవం లోహాన్ని తాకదు, అది లాభం. ట్యూబు రోజంతా నలుగుతూ ఉంటుంది, అది నష్టం.

మూత్రాన్ని టాయిలెట్ దగ్గరే రసాయనంతో కలుపుతారు. కలపకపోతే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి అమోనియా చేస్తుంది, పైపులు పూడుకుపోతాయి. మొదట్లో వాడిన మిశ్రమం క్రోమియం ట్రయాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం. క్రోమియం సూక్ష్మజీవులను చంపుతుంది, ఆమ్లం అమోనియాను ఆవిరి కాకుండా పట్టి ఉంచుతుంది. తీరా మిగిలే గాఢ ద్రవం విషం కూడా, తుప్పుపట్టించేది కూడా. ఏ భాగం విప్పాలన్నా ఇది కళ్లలో, చర్మం మీద పడకుండా ఒకటికి మించిన అడ్డుపొరలు ఉండాలి. మరమ్మతు ఎందుకు కష్టమో ఇక్కడే అర్థమవుతుంది.

ఎముకల్లోంచి వచ్చిన అడ్డంకి

డిజైన్ ప్రకారం మూత్రంలోని నీటిలో 85 శాతం వెనక్కి రావాలి. 2008 నవంబరులో ఆన్ చేసిన కొద్ది రోజులకే డ్రమ్ము తిరగడంలో ఇబ్బంది వచ్చి యంత్రం ఆగింది. ప్రకంపనలు తగ్గించే రబ్బరు మౌంట్లు తీసేసి నేరుగా బిగిస్తే కొంతకాలం నడిచింది. 2009 మార్చిలో కొత్త స్వేదన యూనిట్ పంపారు. అది యాంత్రిక లోపం, అక్కడితో సరి. అసలు కేసు 2009 చివర్లో బయటపడింది. రెండో యూనిట్ కూడా ఆగింది. కిందికి తెచ్చి విప్పితే లోపల తెల్లటి గట్టి పెచ్చు కనిపించింది. అది కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం.

దీని వెనకున్న గొలుసును ఒక్కో లింకుగా చూడాలి. భూమ్మీద ఎముకల మీద బరువు పడుతూ ఉంటుంది కాబట్టి కరిగే ఎముక, పెరిగే ఎముక సమానంగా ఉంటాయి. భారం లేనప్పుడు కరగడం పైచేయి అవుతుంది. తగిన వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం ఖనిజాన్ని కోల్పోతుంది. ఆ కాల్షియం రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి చేరుతుంది. అంటే వ్యోమగామి మూత్రంలో నేలమీది మూత్రంలోకంటే కాల్షియం ఎక్కువ. యంత్రాన్ని నేల మీద పరీక్షించింది నేల మీది మూత్రంతో. పైకి వెళ్లాక ఎక్కువ కాల్షియం వచ్చింది, దానికి తోడు సల్ఫ్యూరిక్ ఆమ్లం రూపంలో సల్ఫేట్‌ను మనమే కలిపాం.

గాఢత లెక్క చూస్తే ఇంకా స్పష్టం. 85 శాతం నీరు తీసేస్తే మిగిలేది 15 శాతం. లవణాల గాఢత 100ని 15తో భాగిస్తే వచ్చే 6.7 రెట్లు అవుతుంది. 70 శాతమే తీస్తే 3.3 రెట్లు. కాల్షియం సల్ఫేట్ ద్రావణీయత హద్దు ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడో ఉండటమే చిక్కు. చివరి 15 శాతం నీటి కోసం పోతే గాఢత రెట్టింపవుతుంది. అన్ని పునర్వినియోగ వ్యవస్థల్లోనూ ఇదే ముడి: శాతం పెంచే కొద్దీ ప్రతి అదనపు లీటరూ ముందటి దానికంటే మొండికేస్తుంది.

తక్షణ పరిష్కారం అందరూ ఊహించేదే: రికవరీని 70-75 శాతానికి దించారు. నీరు తగ్గింది, యంత్రం బతికింది. 2010 ఫిబ్రవరిలో ఎస్‌టీఎస్-130 మరో స్వేదన యూనిట్‌ను తీసుకెళ్లింది. శాశ్వత పరిష్కారానికి మరికొన్నేళ్లు పట్టింది. సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసేసి ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టారు. ఆమ్ల స్థితిలో కాల్షియం ఫాస్ఫేట్ బాగానే కరిగి ఉంటుంది కాబట్టి పెచ్చు కట్టదు. మూత్రంలో సహజంగా ఉండే సల్ఫేట్ ఎలాగూ ఉంటుంది, దాన్ని తీయలేం. అందుకే హద్దు పోలేదు, పైకి జరిగింది. మళ్లీ 85 శాతం సాధ్యమైంది.

రెండో మార్గం మందుల అలమారలో ఉంది. ఎముక కరగడాన్ని ఆపే బిస్ఫాస్ఫొనేట్ మందును వ్యాయామంతో కలిపి కేంద్రంలోని వ్యోమగాములపై పరీక్షించినప్పుడు ఎముక నష్టంతోపాటు మూత్రంలో కాల్షియం కూడా తగ్గింది. డాక్టర్ రాసిన మాత్ర స్వేదన డ్రమ్ముకు కూడా మందే. నిరోధక వ్యాయామానికి వాడే ఏఆర్ఈడీ పరికరం కూడా ఎస్‌టీఎస్-126లోనే, ఈ నీటి వ్యవస్థతో కలిసే వెళ్లింది. వైద్య విభాగం, ఇంజనీరింగ్ విభాగం వేర్వేరు ఫైళ్లలో పనిచేసే సంస్థల్లో ఇలాంటి లంకె కనిపించడం ఆలస్యమవుతుంది. దీర్ఘయాత్రకు వెళ్లే బృందంలో ఈ రెండు గ్రాఫులూ ఒకే తెరమీద ఉండాలి.

నీటిలో తెలియని పదార్థం

రెండో భాగం, తాగునీటి ప్రాసెసర్, వరసగా ఇవి చేస్తుంది: గాలి బుడగలు వేరుచేయడం, రేణువుల ఫిల్టర్, వరుసలో రెండు మల్టీఫిల్ట్రేషన్ బెడ్లు (మలినాలను పట్టే పదార్థాలు నింపిన గొట్టాలు), ఆక్సిజన్ కలిపి 130 డిగ్రీల దగ్గర నడిచే ఉత్ప్రేరక రియాక్టర్, అయాన్ మార్పిడి బెడ్, చివర అయోడిన్. ఫలితాన్ని మొత్తం సేంద్రియ కార్బన్ అంకెతో కొలుస్తారు. హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాములు.

2010లో ఆ అంకె నెమ్మదిగా ఎక్కసాగింది. పైనున్న మీటరు కార్బన్ ఎంతో చెబుతుంది, ఏ పదార్థంలోని కార్బనో చెప్పదు. నమూనాలు భూమికొచ్చాక ప్రయోగశాలలో తేలింది: అది డైమిథైల్‌సిలేన్‌డయాల్. తుడుపు కాగితాలు, డియోడరెంట్లు, జిగుర్లు, సీలెంట్ల నుంచి సిలోక్సేన్లు (సిలికాన్ ఉన్న రసాయనాలు) గాలిలో కలుస్తాయి. అవి తేమలో చేరి ఈ రూపానికి మారతాయి. దీనికి విద్యుదావేశం లేదు, కాబట్టి అయాన్ బెడ్లు గట్టిగా పట్టుకోవు. చిన్న అణువు, నీటిలో ఇట్టే కలుస్తుంది. బెడ్లు నిండాక జారిపోతుంది. రియాక్టర్ కూడా దీన్ని పూర్తిగా కాల్చలేదు. ఆ మోతాదులో మనిషికి హాని లేదని తేలింది. బెడ్లు మార్చగానే అంకె దిగింది. తర్వాత గాలి ఫిల్టర్ల దగ్గరే సిలోక్సేన్లను పట్టే కర్బన పొరలు పెట్టారు.

హాని లేదు కదా అని ఈ సంఘటనను తేలిగ్గా వదిలేయకూడదు. ఆ పదార్థం నిరపాయకరమని తెలిసింది నమూనా భూమికి రాబట్టి. అంగారకుడి దారిలో మీటరు హద్దు దాటితే బృందం ముందు రెండే దారులు: తెలియని నీళ్లు తాగడం, లేదా బాగానే ఉన్న ఫిల్టర్ బెడ్లను అనవసరంగా మార్చేయడం. గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి గుర్తింపు పరికరం నౌకలో ఉంటే దాని బరువు ఒక జత బెడ్ల పొదుపుతో చెల్లిపోతుందని మా అంచనా. ఇంకో చౌకైన పని కూడా ఉంది: నౌకలోకి వెళ్లే ప్రతి క్రీము, తుడుపు కాగితం, టేపు నీటి వ్యవస్థ ఇంజనీర్ల అనుమతి తర్వాతే ఎక్కాలి.

మిగతా లోపాలు ఇంత ఆసక్తికరం కావు, కానీ సమయం తినేవి అవే. వ్యర్థ జలం ట్యాంకులో శిలీంధ్రాలు, బ్యాక్టీరియా కలిసి జిగట పొర కట్టి, దాని తునకలు సొలెనాయిడ్ వాల్వులో ఇరుక్కున్నాయి. ముందు ఒక ఫిల్టర్ పెట్టి సరిపెట్టారు. రియాక్టర్ వేడికి సీళ్లు పాడై కారాయి. మరొకటి: అమెరికన్ భాగంలో క్రిమిసంహారిణి అయోడిన్, రష్యన్ భాగంలో వెండి. రెండు నీళ్లూ కలిస్తే సిల్వర్ అయోడైడ్ అవక్షేపమై రెండు రక్షణలూ పోతాయి. కొత్త నౌకకు మొదటి రోజే ఒక్కదాన్ని ఎంచుకోవాలి. ఆరు నెలలు ఖాళీగా ఉండే నౌకైతే పైపుల్లో నిలిచిన నీటికి ఏ రసాయనం నిలబడుతుందో ముందే తేల్చుకోవాలి.

98 శాతం తర్వాత

2021 ఫిబ్రవరిలో సిగ్నస్ నౌకలో గాఢ ద్రవం ప్రాసెసర్ వెళ్లింది. స్వేదనంలో మిగిలిన గాఢ ద్రవాన్ని ప్రత్యేక పొరలున్న సంచిలో నింపి, చుట్టూ వెచ్చటి గాలి వదులుతారు. నీటి ఆవిరి మాత్రమే పొర దాటి కేబిన్ గాలిలో కలుస్తుంది. దాన్ని తేమ యంత్రం పట్టి నీటి ప్రాసెసర్‌కు ఇస్తుంది. అవక్షేపం కట్టినా ఫర్వాలేదు, ఎందుకంటే సంచి ఎలాగూ పారేసేదే. జిప్సంతో పోరాడటం మానేసి దానికొక చోటు చూపించారన్నమాట. మొత్తం నీటి రికవరీ 93-94 నుంచి 98 శాతానికి చేరిందని 2023 జూన్‌లో నాసా ప్రకటించింది.

ఇప్పుడు నలుగురు మనుషులు, 1000 రోజుల యాత్ర అనుకుందాం. తాగడానికి, వంటకు, శుభ్రతకు మనిషికి రోజుకు 3.8 లీటర్లు. మొత్తం 15,200 లీటర్లు. 93.5 శాతం తిరిగొస్తే లోటు 988 లీటర్లు. 98 శాతమైతే 304 లీటర్లు. పొదుపు 684 లీటర్లు. బాగుంది.

దీని పక్కన విడిభాగాల లెక్క పెట్టి చూద్దాం. ఉదాహరణకు ఒక పంపు సగటున 10,000 గంటలకోసారి చెడిపోతుందని అనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, ఏ ఒక్క పంపు రికార్డూ కాదు). 1000 రోజులంటే 24,000 గంటలు. సగటున 2.4 సార్లు చెడుతుంది. మూడు స్పేర్లు తీసుకెళ్తే చాలుననిపిస్తుంది. సగటును బట్టి ఎన్నిసార్లు చెడొచ్చో చెప్పే పాయిసన్ పద్ధతిలో లెక్కిస్తే, మూడు స్పేర్లు సరిపోయే అవకాశం 78 శాతమే. అయిదుకు 96, ఆరుకు 98.8, ఏడుకు 99.7 శాతం. ఏడుతో సరిపెట్టుకోవచ్చా? నౌకలో ఇలాంటి కీలక భాగాలు ఇరవై ఉంటే, ఒక్కోటి 99 శాతం నమ్మకంగా ఉన్నా అన్నీ కలిపి నిలబడే అవకాశం 0.99ని ఇరవై సార్లు గుణిస్తే వచ్చే 82 శాతం. మొత్తం మీద 99 శాతం కావాలంటే ఒక్కోటి 99.95 శాతం ఉండాలి. అప్పుడు మన పంపుకు తొమ్మిది స్పేర్లు.

తొమ్మిది పంపులు, ఒక్కోటి 70 కిలోలు: 630 కిలోలు. అంత కష్టపడి పొదుపు చేసిన 684 లీటర్ల నీటిని దాదాపు ఒక్క రకం పంపు మింగేసింది.

మనుగడ సమస్య ఇక్కడే ఉంది. ఇప్పుడు వాడేది పెట్టె మొత్తం మార్చే పద్ధతి: ఏ చిన్న భాగం చెడినా పెట్టెను తీసి కొత్త పెట్టె బిగించడం. భూమికి 400 కిలోమీటర్ల దూరంలో ఇదే సరైన పద్ధతి, వ్యోమగాముల గంటలు ఖరీదైనవి, సరుకు నౌకలు తరచుగా వస్తాయి. అక్కడ కూడా 2014 అక్టోబరు నుంచి 2015 జూన్ వరకు ఎనిమిది నెలల్లో మూడు సరుకు నౌకలు, అంటారెస్, ప్రోగ్రెస్, ఫాల్కన్-9 ప్రయోగాలు విఫలమై పోయాయి. నిల్వలున్నాయి కాబట్టి కేంద్రం తట్టుకుంది. దూరయాత్రకు మాత్రం పెట్టె విప్పాలి. పంపులో తరచు పోయేది ట్యూబు, బేరింగు, మోటారు డ్రైవర్ బోర్డు అనుకుందాం. ఒక పూర్తి పంపు స్పేరుగా పెట్టి, మిగతాది తొమ్మిది జతల ట్యూబులు, బేరింగులుగా తీసుకెళ్తే 630 కిలోలు వంద కిలోల దరిదాపుల్లోకి వస్తాయి. ఒకే కొలత ట్యూబు నాలుగు రకాల పంపుల్లో పడితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ఉమ్మడి నిల్వ ఎవరికి ముందు అవసరమైతే వాళ్లకు వెళ్తుంది.

దానికి మూల్యం ఉంది. క్రోమియం కలిసిన ఆమ్ల ద్రవం తడిసిన పంపును మూసిన గ్లవ్‌బాక్స్‌లో విప్పాలి. ముందు శుభ్రమైన నీటితో కడిగి తటస్థం చేయాలి, ఆ కడిగిన నీళ్లు మళ్లీ గాఢ ద్రవం సంచిలోకి పోవాలి. స్క్రూలు తేలిపోకుండా చిక్కించుకునే రకం వాడాలి. బిగించాక లీకు పరీక్షకు పీడన గేజీ, నైట్రోజన్ సరఫరా అక్కడే ఉండాలి. ఇవి డిజైన్ రోజునే రావాలి. అంటించేసిన హౌసింగును తర్వాత విప్పగలిగేలా మార్చడం కుదరదు. త్రీడీ ప్రింటర్ అన్నీ తీరుస్తుందనే ఆశ మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. బ్రాకెట్లు, మూతలు, నాబ్‌లు అది చేస్తుంది. సీలు, బేరింగు, సెన్సర్, ఉత్ప్రేరకం, పొర చేయదు. చెడిపోయేవి సాధారణంగా ఈ రెండో జాబితాలోవే.

గాలి లెక్క

98 శాతం అంకె ఒక విషయం దాస్తుంది. ఆక్సిజన్ నీటి నుంచే వస్తుంది. మనిషికి రోజుకు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి, దానికి 0.945 కిలోల నీటిని విద్యుత్తుతో విడగొట్టాలి. వెలువడే 0.105 కిలోల హైడ్రోజన్‌ను సబాటియర్ రియాక్టర్‌లో కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే నీరు, మీథేన్ వస్తాయి. హైడ్రోజన్‌లో సగం నీటిలోకి, సగం మీథేన్‌లోకి పోతుంది. తిరిగొచ్చే నీరు 0.47 కిలోలు. మీథేన్‌ను బయటికి వదిలేస్తారు. అంటే రియాక్టర్ బ్రహ్మాండంగా నడిచినా మనిషికి రోజుకు 0.47 లీటర్ల నీరు పోతుంది. నలుగురికి 1000 రోజుల్లో 1,880 లీటర్లు. ఆహారంలోని తేమ, శరీరం ఆహారాన్ని కాల్చి తయారుచేసుకునే నీరు ఈ లోటులో ఎక్కువ భాగం పూడుస్తాయి. పూడ్చే ఆ నీరు ఆహారం పొట్లాల బరువులో భూమి నుంచే వచ్చింది మరి. మీథేన్‌ను విడగొట్టి హైడ్రోజన్ వెనక్కి తెచ్చే రియాక్టర్లలో మసి పేరుకుని ఉత్ప్రేరకం మూసుకుపోవడం పెద్ద తలనొప్పి.

యంత్రాల చరిత్ర ఇక్కడా అదే. 2010లో ఆక్సిజన్ యంత్రపు సెల్ వోల్టేజీ పెరిగి ఆగింది. సెల్ లోపలి పొర నుంచి విడుదలైన ఫ్లోరైడ్ వల్ల తిరిగే నీరు ఆమ్లంగా మారి లోహాన్ని తిని, ఆ లోహ అయాన్లు పొరలో చేరడం కారణం. ప్రవాహంలో ఒక అయాన్ బెడ్ పెట్టాక సద్దుమణిగింది. కార్బన్ డయాక్సైడ్ తీసే యంత్రంలో ఆ వాయువును పట్టే జియొలైట్ గుళికలు అరిగి ధూళై వాల్వుల్లో చేరింది.

మొక్కలు ఉన్నాయి కదా అంటే

యంత్రాల బదులు మొక్కలు పెంచితే ఈ విడిభాగాల బాధ ఉండదన్న వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. ఆరిజోనాలో బయోస్ఫియర్ 2 ప్రయోగంలో 1991 నుంచి 1993 దాకా ఎనిమిది మంది 3 ఎకరాలకు పైగా మూసిన స్థలంలో ఉన్నారు. ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.5 శాతం దిగువకు పడిపోయి, బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నేలలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ఆ వాయువు మొక్కలకు అందక ముందే పచ్చి కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ పట్టేసి కాల్షియం కార్బొనేట్‌గా మార్చింది. ఆక్సిజన్ గోడల్లో చిక్కుకుపోయింది. అక్కడ కూడా కాల్షియమే, అక్కడ కూడా ఎవరూ లెక్కలో పెట్టని ఉపరితలమే.

సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో బయోస్-3 1972-73లో ముగ్గురితో 180 రోజులు నడిచింది. చైనాలో యూగాంగ్-1 బృందాలు 2017-18లో 370 రోజులు పూర్తిచేశాయి. ఇవి గట్టి ఫలితాలు, కానీ భూమి గురుత్వంలో, బయటి విద్యుత్తుతో వచ్చినవి. మొక్కల వ్యవస్థకు దీపాలు, పంపులు, ఫ్యాన్లు, తేమ యంత్రాలు కావాలి. విడిభాగాల జాబితా తగ్గదు, మారుతుంది. అయినా ఆహారం కోసం ఆ దారి పట్టక తప్పదు. ప్యాకింగుతో కలిపి మనిషికి రోజుకు 1.8 కిలోల చొప్పున నలుగురికి 1000 రోజులకు 7,200 కిలోలు. నీటి లోటు 304 లీటర్లకు దిగాక అన్నింటికంటే బరువైన వస్తువు ఆహారమే. నిల్వలో విటమిన్ సి, బి1 తగ్గిపోతాయి కాబట్టి, కేలరీల కోసం కాకపోయినా విటమిన్ల కోసం ఆకుకూరల పెట్టె ఒకటి మొదటి యాత్రలోనే ఉండటం మంచిది.

శరీరం

ఒకే ప్రయాణంలో అత్యధిక కాలం వలేరి పాల్యకోవ్‌ది: 1994-95లో మిర్ కేంద్రంలో 437 రోజులు. 1000 రోజుల యాత్రకు ఇది సగం కూడా కాదు, అయినా శరీరం అంతవరకు తట్టుకుంటుందని తెలుసు. కంటి నరం వాపు, ఎముక, కండర నష్టం ఉంటాయి, నిర్వహించగలం.

రేడియేషన్ మాత్రం బేరమాడదు. అంగారకుడికి వెళ్లిన క్యూరియాసిటీ రోవర్ ప్రయాణంలో కొలిచిన మోతాదు రోజుకు దాదాపు 1.8 మిల్లీసీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్ కొలత), అంగారక నేల మీద దాదాపు 0.65. దారిలో 360 రోజులు, నేల మీద 640 రోజులు అంటే మొత్తం దాదాపు 1,060 మిల్లీసీవర్టులు. నాసా జీవితకాల హద్దు 600. ఇది దారిలో చంపదు, తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ అవకాశం పెంచుతుంది. మరమ్మతు బృందం దృష్టిలో దీని అర్థం వేరు: ప్రయాణం ఎంత త్వరగా ముగిస్తే అంత మేలు. కాబట్టి ఎక్కువ ఇంధనం కావాలి, విడిభాగాలకు బరువు ఇంకా తగ్గుతుంది.

ఏం పరీక్షించాలి

వచ్చే తరం వ్యవస్థకు రికవరీ శాతం పెంచడం మీద పెట్టే డబ్బు ఇక తగ్గించాలన్నది మా తీర్పు. 98ని 99 చేస్తే ఆదా అయ్యేది 152 లీటర్లు. రెండు పంపుల బరువు. ఆ డబ్బును వైఫల్య కాలం కొలవడం మీద పెట్టాలి. ఇవాళ ఒక్కో భాగానికి పైన నడిచిన గంటలు తక్కువ, డిజైన్ మధ్యలో మారుతూ వచ్చింది. 10,000 గంటల భాగమా, 30,000 గంటల భాగమా అన్న తేడా స్పేర్ల సంఖ్యను తారుమారు చేస్తుంది. 30,000 గంటలైతే సగటు 0.8 వైఫల్యాలే, 99.95 శాతం నమ్మకానికి తొమ్మిది బదులు అయిదు చాలు. ఆ అంకె తెలియాలంటే ఒకే డిజైన్‌ను కదిలించకుండా నేల మీద నాలుగైదు యూనిట్లు సమాంతరంగా, వ్యోమగామి మూత్రానికి సరిపడే కాల్షియం కలిపిన ద్రవంతో, ఏళ్ల తరబడి నడపాలి.

అంతరిక్షంలో చేయాల్సిన పరీక్ష ఇంకోటి. కేంద్రం విరమణకు ముందు నీటి వ్యవస్థకు ఒక ఏడాది పాటు భూమి నుంచి ఏ భాగమూ పంపకుండా, నమూనాలు కిందికి తేకుండా, నిర్ణయాలకు 20 నిమిషాల ఆలస్యం పెట్టి నడిపి చూడాలి. ఆపేయడానికి షరతులు ముందే రాసుకోవాలి: సేంద్రియ కార్బన్ 3 మిల్లీగ్రాములు దాటి రెండు వరస కొలతల్లో దిగకపోతే, లేదా నిల్వ నీరు నలభై రోజుల వాడకానికి తగ్గితే పరీక్ష ముగిసినట్టే. మిగతా ప్రతి ఆగిపోవడంలోనూ లాగ్‌లో మూడు గడులు నింపాలి: ఏ భాగం పోయింది, దానిలో నిజంగా పాడైన అతి చిన్న ముక్క ఏది, ఆ ముక్క ఒక్కటే ఉంటే ఎన్ని గంటల్లో బాగయ్యేది. మూడో గడి నింపే అలవాటు ఇప్పటివరకు లేదు, ఎందుకంటే పెట్టె మార్చాక ఎవరికీ ఆ ప్రశ్న అవసరం రాలేదు.